ఓఎస్ మాడ్యూల్‌ను అడ్డుకుంటే మాడ్‌లు భద్రమట!

కొత్త కంప్యూటర్ ఆటలో లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషను పొదగడం తెలివితక్కువ పని అనీ, స్క్రిప్టింగ్‌కు, అంటే ఆట నడిచే తీరును చిన్న ప్రోగ్రాములుగా రాయడానికి, పైథాన్ భాషే సరైనదనీ వాదించే సందేశం మిత్రుల నుంచి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. పంపుతున్నవారిలో గేమ్ ఇంజిన్లతో పనిచేసేవారు కూడా ఉన్నారు కాబట్టి జవాబు రాయక తప్పడం లేదు.

లువా పాతబడిందన్నది మొదటి ఆరోపణ. లువా 1993లో పుట్టింది, పైథాన్ 1991లో విడుదలైంది. వయసే దోషమైతే ఏది ముందు తప్పుకోవాలో సందేశకర్తే చెప్పాలి. లువా జాబితాల్లో వరుస సంఖ్యలు సున్నాతో కాక ఒకటితో మొదలవుతాయన్నది రెండోది. మొదలవుతాయి, వారంలో అలవాటవుతుంది.

అసలు ప్రమాదం మూడో అంశంలో ఉంది. ఆటను మార్చడానికి ఆటగాళ్లు రాసే మాడ్‌లను పైథాన్‌లో నిశ్చింతగా నడపవచ్చట, ఫైళ్లనూ ఆపరేటింగ్ సిస్టమ్‌నూ ముట్టుకునే ఓఎస్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేయనివ్వకపోతే (అంటే ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకోనివ్వకపోతే) చాలట. ముక్కూ మొహం తెలియనివారు రాసిన కోడ్‌ను ఇంకొకరి కంప్యూటర్‌లో నడిపే విషయమిది. పైథాన్ ప్రామాణిక రూపమైన సీపైథాన్‌లో ఒక ఖాళీ టపుల్‌ను (విలువల వరుసను) పట్టుకొని, దాని క్లాస్ ఏదో అడిగి, అక్కడి నుంచి అన్నిటికీ మూలమైన ఆబ్జెక్ట్ క్లాస్‌కు ఎక్కి, దాని ఉపక్లాసుల జాబితా తెప్పించుకుంటే, ఇంపోర్ట్ అన్న మాటే వాడకుండా, అప్పటికే లోడైన మాడ్యూళ్ల గుండా ఫైళ్ల దాకా వెళ్లే దారి దొరుకుతుంది. ఇలాంటి కట్టడి కోసమే పైథాన్‌తో పాటు రెక్సెక్ అనే మాడ్యూల్ వచ్చేది. అది భద్రం కాదని తేలి 2.3లో నిలిపివేశారు, పైథాన్ 3లో పూర్తిగా తీసేశారు. భాషను తయారుచేసినవారే చేతులెత్తేసిన పనిని సందేశకర్త ఒక్క వాక్యంలో ముగించారు, అభినందనలు.

లువాలో పని ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. కొత్తగా సృష్టించిన స్టేట్‌లో (స్క్రిప్టు నడిచే వాతావరణంలో) తెర మీద రాసే ప్రింట్ కూడా ఉండదు. మనం తెరిచిచ్చిన లైబ్రరీలే మాడ్‌కు అందుతాయి. మెమరీని కేటాయించే అలొకేటర్‌ను మనమే ఇవ్వవచ్చు కనుక హద్దు పెట్టగలం, ఇన్‌స్ట్రక్షన్ల లెక్క మీద హుక్ (మధ్యలో మన కోడ్‌ను పిలిచే ఏర్పాటు) పెట్టి అంతులేని లూప్‌లో పడ్డ స్క్రిప్టును మధ్యలోనే ఆపగలం. అలాగని లువా దానంతటదే భద్రం కాదు: ముందే కంపైలైన బైట్‌కోడ్‌ను (ఇంటర్‌ప్రెటర్ నేరుగా నడిపే రూపాన్ని) లోడ్ చేయనిస్తే స్క్రిప్టును నడిపే ఇంటర్‌ప్రెటరే కూలిపోవచ్చు, కాబట్టి టెక్స్ట్ రూపంలోని స్క్రిప్టులను మాత్రమే అనుమతించాలి.

సివిలైజేషన్ 4 అనే ఆట పైథాన్‌ను వాడిందన్నది మరో రుజువు. 2005లో వాడింది, మాడ్‌లు రాసేవారికి అది బాగా ఉపయోగపడింది కూడా. అదే వరుసలో 2010లో వచ్చిన ఐదో ఆట లువాకు మారింది. సందేశకర్త లెక్క నాలుగు దగ్గర ఆగిపోయింది కాబోలు.

బయటివారి మాడ్‌లే లేకుండా స్క్రిప్టులన్నీ సొంత బృందమే రాసుకునే ఆటలో పైథాన్ పెట్టుకుంటే నాకు పేచీ లేదు. చివరి ఆరోపణను కూడా పూర్తిగా ఒప్పుకుంటాను: పేరు తప్పుగా టైప్ చేసినా లువా నోరు మెదపదు. శత్రువుకు విషం ఎక్కిందా అని చూసే షరతులో ఒక్క అక్షరం తప్పితే ఆ పేరు విలువ నిల్ (అంటే ఏమీ లేదు) అవుతుంది, విషం ఎప్పటికీ పనిచేయదు, ఎర్రరూ రాదు. అదే పొరపాటుకు పైథాన్ నేమ్‌ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగుతుంది. లువాను ఎంచుకున్నవారు ప్రోగ్రామంతటా కనిపించే పేర్లుండే గ్లోబల్ పట్టికకు మెటాటేబుల్ (పట్టిక ప్రవర్తనను మార్చే మరో పట్టిక) తగిలించి, ప్రకటించని పేరును చదవగానే ఎర్రర్ వచ్చేలా మొదటి రోజే ఏర్పాటు చేసుకోవాలి.