అన్న పట్టాతో తమ్ముడికి కొలువు

గర్భసంచి, మూత్రాశయం కిందికి జారిన స్త్రీలకు యోని ద్వారా అమర్చే ప్లాస్టిక్ మెష్ (వల) అమ్మకాలు ఆపాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్ 16న బోస్టన్ సైంటిఫిక్, కోలోప్లాస్ట్ కంపెనీలను ఆదేశించింది. సరుకు వెనక్కి తీసుకునే పథకం ఇవ్వడానికి పది రోజుల గడువట. 2002 నుంచి అమ్మనిచ్చి పది రోజుల గడువు! 2008లో హెచ్చరించారు. ఈ దుష్ఫలితాలు అరుదైనవి కావని 2011లో వారే ఒప్పుకున్నారు. ఈలోగా ఆ వల యోని గోడను, మూత్రాశయాన్ని కోసుకుని బయటపడి, కూర్చోలేక, దాంపత్యానికి దూరమై ఎందరో స్త్రీలు కోర్టులకెక్కారు. కండలో కలిసిపోయిన మెష్‌ను ముక్కలు ముక్కలుగా కోసి తీయాలి. అప్పటికీ అంతా రాదు.

ఇది మార్కెట్లోకి ఎలా వచ్చింది? 'మునుపటి పరికరం లాంటిదే' అని చూపిస్తే చాలుననే 510కె దారిలో. అన్న పట్టా చూపించి తమ్ముడు కొలువులో చేరడమన్నమాట. అసలు అన్న పరీక్ష రాశాడా అని అడిగే నాథుడు లేడు. ఉదాహరణకు, దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోయేవారికి అమర్చే ప్రోటెజెన్ పట్టీని 1999లో వెనక్కి తీసుకున్నారు. అంతకు ఏడాది ముందు దాని పోలికతోనే అనుమతి పొందిన టీవీటీ పట్టీ మాత్రం నిలిచింది. అన్నను గెంటేశాక కూడా అతని పట్టా చెల్లింది! 2019 ఉత్తర్వు ఈ పట్టీల జోలికి పోలేదు.

పట్టీలతో మేలు పొందినవారే ఎక్కువని కొందరు వైద్యులు అంటున్నారు. కావచ్చు. ఆ లెక్క అమ్మకాలకు ముందు తేలాలి, అమ్మిన తర్వాత స్త్రీల ఒంటి మీద కాదు.

మనకెందుకులే అనుకోవద్దు. 2018 జనవరి 1 నుంచి అమలవుతున్న మన వైద్య పరికరాల నియమాల్లోనూ ఈ పోలిక తలుపు తెరిచే ఉంది. అమెరికాలో అమ్ముడవుతోందన్న ధ్రువపత్రానికీ ఆ నియమాల్లో విలువుంది. అదీ అరువు పట్టాయే. 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్న ఏఎస్ఆర్ అనే కృత్రిమ తుంటి కీళ్లను మన దేశంలో సుమారు 4,700 మందికి అమర్చారు. వారిలో వేలమంది జాడ 2018 నాటికీ తెలియలేదు. ఇక ఎవరికి ఏ మెష్ వేశారో చెప్పే జాతీయ రిజిస్టరే లేదు. గర్భసంచి జారిందని ఇంట్లో చెప్పుకోవడానికే సిగ్గుపడే ఆడవాళ్లు, లోపల వల గుచ్చుకుంటోందని ఎవరికి మొరపెట్టుకోవాలి?

అమెరికా అనుమతి కాగితాన్ని నమ్మే ఢిల్లీ ఔషధ నియంత్రణాధికారులు, అదే అమెరికా ఆపేయమన్న కాగితాన్ని ఎందుకు చదవరు? ఏ కంపెనీ మెష్ ఏ ఆసుపత్రికి వెళ్లిందో అడగడానికి ఒక ఉత్తరం చాలు. దానికి పది రోజులు కూడా అక్కర్లేదు.