ముందు తీసేసేదేమిటో చూపించండి

చారిత్రక ప్రాంతంలోని పాత భవనానికి మార్పులు చేస్తామని దరఖాస్తు వస్తే, సమీక్ష కమిటీ బల్ల మీదికి మొదట వచ్చేది రంగుల బొమ్మే. సాయంకాలపు వెలుతురు, పచ్చటి మొక్కలు, నడిచిపోతున్న మనుషులు, మధ్యలో తళతళలాడే భవనం. రంగు నప్పిందా, పై అంతస్తు ఎబ్బెట్టుగా ఉందా అని గంటసేపు చర్చ నడుస్తుంది. ఆ కాగితాల కట్ట అడుగున నలుపు తెలుపుల్లో ఇంకో షీటు ఉంటుంది. అందులో కొన్ని గోడలు, కిటికీలు, మెట్లు చుక్కల గీతల్లో కనిపిస్తాయి. చుక్కల గీతల్లో ఉన్నవన్నీ పోయేవే. చాలా కమిటీలు దాన్ని తిప్పి కూడా చూడవు. అసలు సమీక్ష మొదలవ్వాల్సింది అక్కడే.

కొత్తగా చేర్చింది బాగాలేకపోతే పదేళ్ల తర్వాతయినా పీకేయవచ్చు. బోర్డు, రెయిలింగు, వెనకవైపు కట్టిన గది, అన్నీ అంతే. పీకేసిన పాత కిటికీని, చెక్కేసిన ఇటుక ముఖాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. ఈ తేడాను పట్టించుకోని సమీక్ష ఎంత కఠినంగా ఉన్నా అభిరుచుల పంచాయితీగానే మిగిలిపోతుంది.

కమిటీలకు ఈ అలవాటు రావడానికి చట్టాల పుట్టుకలోనే కారణం ఉంది. అమెరికాలోని చార్ల్స్‌టన్ నగరం 1931లో చారిత్రక ప్రాంతానికి ప్రత్యేక జోనింగ్ నిబంధన (ఏ ప్రాంతంలో ఏం కట్టవచ్చో చెప్పేది) తెచ్చినప్పుడు, అక్కడి బోర్డు చూడాల్సింది వీధిలోంచి కనిపించే బయటి రూపాన్నే. ఆ తర్వాత చాలాచోట్ల వచ్చిన నిబంధనలు ఇదే దారి పట్టాయి. వీధికి కనిపించేదే వారసత్వం అన్నట్టయింది. భవనం అసలు పదార్థం వైపు చూపు మళ్లించింది 1964 నాటి వెనిస్ ఒడంబడిక, అంటే పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ నిపుణులు రాసుకున్న సూత్రాల పత్రం. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలని, ఒకే భవనంలో వేర్వేరు కాలాలు చేర్చిన భాగాలను గౌరవించాలని అది చెప్పింది. అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ 1970లలో రూపొందించిన ప్రమాణాలు దాన్నే పని భాషలోకి దించాయి. పాడైన భాగాన్ని వీలైనంతవరకు బాగుచేయాలి, మార్చక తప్పకపోతేనే మార్చాలి. కొత్త పని పాతదానికి పొసగాలి, అయినా కొత్తదని తెలియాలి. సూత్రాలు మారి అరవై ఏళ్లయింది. సమావేశాల్లో మాత్రం ఇప్పటికీ బొమ్మే ముందు.

దరఖాస్తుతో ఏం రావాలి? భవనం ఇప్పుడున్నట్టు కొలిచి గీసిన డ్రాయింగ్, తీసేసేవి గుర్తించిన డ్రాయింగ్, ప్రతిపాదన. మూడూ ఒకే స్కేలులో, ఒకే దిక్కు నుంచి, పక్కపక్కన పెట్టి పోల్చుకునేలా ఉండాలి. ఎలివేషన్లకు, అంటే గోడను ఎదురుగా చూసినట్టు గీసిన డ్రాయింగులకు, 1:50 సరిపోతుంది. కిటికీ, కార్నిస్ (గోడ పైన ముందుకు పొడుచుకొచ్చే అంచు), ద్వారబంధం లాంటివాటికి 1:5 లేదా అసలు సైజు కావాలి. ఫొటోలకు నంబర్లు వేసి, ఎక్కడ నిలబడి తీశారో ప్లాన్ మీద చూపించాలి. ఇవి లేని దరఖాస్తును సమావేశం దాకా రానివ్వకుండా అసంపూర్ణమని వెనక్కి పంపడమే మేలు.

కొలతల్లోనే పెద్ద చిక్కు వస్తుంది. పాత భవనాల్లో కిటికీల మధ్య దూరాలు సమానంగా ఉండవు, మూలలు తొంభై డిగ్రీల్లో ఉండవు. డ్రాయింగ్ గీసేవాళ్లు ఒక సగం కొలిచి, రెండో సగాన్ని కంప్యూటర్లో అద్దంలా తిప్పి అతికించేస్తారు. కాగితం మీద కొత్త ఉక్కు దూలం సరిగ్గా రెండు కిటికీల నడుమ కూర్చుంటుంది. పని దగ్గరికొచ్చేసరికి అది 180 మిల్లీమీటర్లు జరిగి కిటికీ కమాను మీద పడుతుంది. అప్పటికి కూలీలు, యంత్రాలు సిద్ధంగా ఉంటాయి, కమానే పోతుంది. ఎలివేషన్ రెండు సగాలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే పని డ్రాయింగుల్లో కనిపించనే కనిపించదు. ‘గోడలకు పాయింటింగ్ చేయాలి’, అంటే ఇటుకల మధ్య సందుల్లో కొత్త గార నింపాలి అని ఒక్క వాక్యం ఉంటుంది, కమిటీ దాన్ని మరమ్మతు కింద దాటేస్తుంది. పాత ఇటుక గోడను సున్నపు గారతో కట్టారు. గోడలోకి చేరిన తేమ మెత్తటి సున్నపు సందుల్లోంచి బయటికి పోతుంది; గోడ కాస్త కదిలినా ఆ ఒత్తిడిని సున్నమే ఓర్చుకుంటుంది. ఆ సందుల్లో గట్టి సిమెంటు నింపితే తేమకు దారి మూసుకుపోతుంది. ఇక అది ఇటుకలోంచే రావాలి. వస్తూ లోపలి ఉప్పును మోసుకొస్తుంది. ఆ ఉప్పు ఇటుక ముఖం వెనక గడ్డకట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తుంది. చలి దేశాల్లో మంచు ఇదే పని ఇంకా త్వరగా చేస్తుంది. కొన్నేళ్లకు ఇటుకలు లోపలికి అరిగిపోయి, సిమెంటు గీతలు మాత్రం జల్లెడలా బయటికి నిలబడతాయి. సందు గార ఇటుకకన్నా మెత్తగా ఉండాలి. అరిగితే అదే అరగాలి. దాన్ని మళ్లీ నింపుకోవచ్చు.

కాబట్టి అనుమతిలో పద్ధతి రాసి ఉండాలి. వదులైన సందులనే తెరవాలి, గోడంతా కాదు. సందు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు వరకు పాత గార తీయాలి. 10 మిల్లీమీటర్ల సందుకు 20 నుంచి 25 అన్నమాట. పనిని ఉలితో చేయాలి. గ్రైండర్ చక్రం నిలువు సందుల్లో దిగితే పైన, కింద ఉన్న ఇటుకల అంచులను కోసేస్తుంది. ఆ గాటు ఇక మానదు. దుమ్ము కడిగి, గోడను తడిపి, సుమారు ఆరేసి మిల్లీమీటర్ల పొరలుగా నింపాలి. ఒక పొర మీద బొటనవేలు నొక్కితే గుంట పడనంత గట్టిపడ్డాకే తర్వాతిది. ఇసుక రంగు, రవ్వ సైజు పాతదానితో కలవాలి, ఎందుకంటే దూరం నుంచి చూసినప్పుడు సందుకు రంగు తెచ్చేది చాలావరకు ఇసుకే.

శుభ్రం చేయడంలోనూ ఇదే కథ. ఇసుకను ఒత్తిడితో కొట్టి కడిగితే మసితోపాటు ఇటుక పైపొర కూడా లేచిపోతుంది. బట్టీలో కాలినప్పుడు గట్టిపడిన పొర అది. దాని కింద ఉన్నది నీళ్లు పీల్చుకునే మెత్తటి మట్టే. నీటితో కడిగినా చదరపు అంగుళానికి 100 పౌండ్లలోపు ఒత్తిడితో మొదలుపెట్టాలి, ఏ దశలోనూ 400 దాటకూడదు. మూలన ఎక్కడో చిన్న ముక్క కడిగి, ఆరాక చూసి, ఆ తర్వాతే మిగతా గోడ జోలికి పోవాలి. మసి మొత్తం పోవాలన్న పట్టుదల దేనికో అర్థం కాదు. వయసు కనిపిస్తే గోడకు వచ్చిన నష్టమేమీ లేదు.

కిటికీల దగ్గర వాదన ఎప్పుడూ కరెంటు ఖర్చు మీద నడుస్తుంది. పాత కిటికీలోంచి గాలి చొరబడేది నిజమే. కానీ సందులు మూసి, వదులైన అద్దాలకు కొత్త పుట్టీ పెట్టి, లోపలో బయటో రెండో అద్దపు పలక అమరిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది. పాత కిటికీలో కుళ్లింది సాధారణంగా కింది కమ్మీ ఒక్కటే. ఆ భాగం కోసి కొత్త కలప అతకవచ్చు. ఫ్యాక్టరీలో చేసిన జోడు అద్దాల యూనిట్‌లో అంచు సీలు పోతే లోపల ఆవిరి పడుతుంది; దాన్ని బాగుచేయడం కుదరదు, మొత్తంగా మార్చాల్సిందే. అందుకే కమిటీ అడగాల్సింది ‘కొత్త కిటికీ పాతదానిలా ఉందా’ అని కాదు. ప్రతి కిటికీకీ నంబరు వేసి, ఏ భాగం ఎంత పాడైందో రాసిన పట్టిక అడగాలి. నలభై కిటికీల్లో ఆరు నిజంగా పోయి ఉంటే ఆ ఆరే మార్చాలి. మార్చేవాటికి పాత, కొత్త సెక్షన్లు (అడ్డంగా కోసినట్టు చూపే డ్రాయింగులు) పక్కపక్కన పెడితే తేడాలు బయటపడతాయి. చౌకట్టు రెండింతలు లావయ్యింది. గోడ ముఖం నుంచి లోపలికి ఉన్న కిటికీ ముందుకు జరిగి నీడ పోయింది. అద్దాల మధ్యలో ఇరికించిన ఉత్తుత్తి పట్టీలు బయటి నుంచి చదునుగా కనిపిస్తున్నాయి. రంగుల బొమ్మలో వీటిలో ఒక్కటీ తెలియదు.

‘భవనం ప్రమాదకరంగా ఉంది, కూల్చక తప్పదు’ అనే ఇంజినీరు నివేదిక వస్తే కమిటీలు భయపడిపోతాయి. భయపడాల్సినవీ ఉంటాయి. అయితే ఆ నివేదిక బయటి నుంచి చూసి రాసిందా, ప్లాస్టరు తెరిచి చూసి రాసిందా? దూలాల చివర్లు గోడలోకి దిగే చోట పొడిచి చూశారా? పగులు పాతదా, ఇంకా పెరుగుతోందా? దాని మీద కొలత గుర్తులు అతికించి కొన్ని నెలలు గమనిస్తే తప్ప ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరకదు. పగులు కనిపించడం వేరు, కదలడం వేరు. ఇంకో సంగతి: మందపాటి గోడల మీద నిలిచే భవనాన్ని స్తంభాలు, దూలాల కాంక్రీటు భవనాల లెక్కతో పరీక్షిస్తే అది ప్రతిసారీ తప్పుతుంది. నూరేళ్లుగా నిలబడే ఉందన్న సాక్ష్యం ఆ లెక్కలోకి రాదు. మూసుకుపోయిన వాననీటి గొట్టం ఒకటి గోడను తడిపి ఇంత చేసిందని తేలిన సందర్భాలు తక్కువేమీ కాదు. పాత తాపీ కట్టడాల మీద పనిచేసిన రెండో ఇంజినీరు అభిప్రాయం తీసుకునే అధికారం కమిటీకి ఉండాలి.

పై అంతస్తు చేర్చే ప్రతిపాదనలకు చూపు గీత డ్రాయింగ్ ఇస్తారు. ఎదురు కాలిబాట మీద మనిషి కంటి ఎత్తు నుంచి గీసిన గీత అది. ‘చూడండి, కనిపించదు’ అంటారు. నిజమే, ఆ ఒక్క చోటు నుంచి కనిపించదు. పక్క వీధి మలుపు నుంచి, కొంచెం ఎత్తున్న రోడ్డు నుంచి పూర్తిగా కనిపించవచ్చు. కర్రలు నిలిపి, నారింజ రంగు వల కట్టి అసలు ఎత్తును అక్కడే చూపించమంటే గంటలో తేలిపోతుంది. లిఫ్టు గది, పిట్టగోడ మీది రెయిలింగు, ఏసీ యంత్రాలు కూడా ఆ కర్రల లెక్కలో ఉండాలి, ఎందుకంటే తర్వాత పుట్టుకొచ్చేవి అవే. అమెరికా మార్గదర్శకాలు నాలుగంతస్తులకన్నా తక్కువున్న చిన్న భవనాల మీద ఇలాంటి చేర్పును దాదాపు ఒప్పుకోవు. పెద్దవాటి మీదైనా ఒక్క అంతస్తే, అదీ ముందు గోడ నుంచి కనీసం ఒక పూర్తి బే, అంటే ఒక నిలువు కిటికీ వరస పట్టేంత దూరం, వెనక్కి ఉండాలంటాయి.

ఖాళీ స్థలంలో కొత్తగా కట్టే భవనం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, అక్కడ పోయేదేమీ లేదు కనక. శైలి గురించి కొట్టుకోవడం మాని అంతస్తుల ఎత్తు చూస్తే చాలు. పక్క భవనం 12 మీటర్లలో మూడంతస్తులుంటే, కొత్తది అదే 12 మీటర్లలో నాలుగు ఇరికిస్తుంది. మొత్తం ఎత్తు ఒకటే, కానీ ఒక్క కిటికీ వరసా పక్కదానితో కలవదు. దాని మీద ఎన్ని నకిలీ కమానులు అతికించినా ఉపయోగం లేదు.

తలుపు రంగు, సైన్‌బోర్డు, పాతదాని బదులు అదే రకం పెంకు వేయడం లాంటివి కమిటీ ముందుకు రానే కూడదు. సిబ్బంది స్థాయిలో రోజుల్లో తేల్చేయాలి. కారుతున్న కప్పు మరమ్మతుకు మూడు నెలలు ఆగమంటే యజమాని అనుమతి లేకుండానే చేయిస్తాడు, అదీ సిమెంటుతో. ఒక్క మినహాయింపు: ఇంతవరకు రంగు పడని ఇటుక లేదా రాతి గోడకు మొదటిసారి రంగు వేస్తామంటే అది చిన్న పని కాదు. వేసిన రంగు మార్చుకోవచ్చు. వట్టి ఇటుక మీద వేసిన మొదటి పూతను మాత్రం ఇటుకకు దెబ్బ తగలకుండా పూర్తిగా తీయడం అసాధ్యమే. చాలా కమిటీలు దీన్ని తిరగేస్తాయి. తలుపు ఏ ఆకుపచ్చలో ఉండాలో తీర్మానిస్తాయి, గోడ పూతను వదిలేస్తాయి.

తిరస్కరించినా ఒప్పుకున్నా కారణాలు నిబంధన నంబరుతో మినిట్స్‌లో ఉండాలి. 1978లో పెన్ సెంట్రల్ కేసులో, అంటే రైల్వే స్టేషన్ మీద ఎత్తైన భవనం కట్టనివ్వలేదని దాని యజమాని వేసిన కేసులో, న్యూయార్క్ నగర వారసత్వ చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ చట్టం ఒక సమగ్ర ప్రణాళికలో భాగమని, రైల్వే స్టేషన్ యజమానికి అప్పటికే ఉన్న వాడకం కొనసాగుతోందని కోర్టు లెక్కలోకి తీసుకుంది. ‘ప్రాంత స్వభావానికి తగినట్టు లేదు’ అన్న ఒక్క వాక్యం మీద నడిచే తిరస్కరణకు అలాంటి బలం ఉండదు.

అనుమతి షరతుల్లో ‘ఇలాంటిదే’, ‘నాణ్యమైన’, ‘సంప్రదాయ’ అన్న మాటలు పనికిరావు. వాటికి కాంట్రాక్టరు ఏ అర్థమైనా చెప్పుకోగలడు. నమూనా అడగాలి: గోడ మీదే మీటరు చదరం పాయింటింగ్, ఒక కిటికీ మూల, ఒక వరస పెంకు. సున్నపు గార ఆరేకొద్దీ తెల్లబడుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు చూసి సరేనంటే మోసపోతారు. కొన్ని వారాలు ఆగి ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూడాలి. ఒప్పుకున్న నమూనాకు ఫొటో తీసి, తేదీ వేసి, పని పూర్తయ్యేదాకా గోడ మీదే ఉంచాలి. చివరి తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ మిగతా గోడను దానితో పోల్చి చూస్తాడు. చేతిలో చుక్కల గీతల షీటు పెట్టుకుని, అందులో లేనిదేదైనా మాయమైందా అని కూడా లెక్క చూస్తాడు.