టీమ్ లీడ్‌ని పీకేసిన వైనం

శుక్రవారం సాయంత్రం మా టీమ్ లీడ్‌కి వీడ్కోలు పార్టీ. మాడ్రిడ్ ఆఫీసు, ప్యాంట్రీలో బంగాళదుంప ఆమ్లెట్ ముక్కలు, పేపరు గ్లాసులు. తలా ఒక వాక్యం చెప్పాలన్నారు. 'మిమ్మల్ని చాలా మిస్ అవుతాం.' ఆ మాత్రం రాదా?

నా ధైర్యానికి కారణం ఉంది. స్పానిష్‌లో 'ఎచార్' అని ఒక క్రియ. వేయడం, పడేయడం అని మొదటి అర్థం. కూరలో ఉప్పు వేసినా ఎచారే, తలుపుకు తాళం వేసినా ఎచారే. ఉత్తరం డబ్బాలో వేసినా, మధ్యాహ్నం ఓ కునుకు వేసినా, పేకాట ఒక ఆట వేసినా, పక్కవాడి మీద నింద వేసినా అదే. 'టీవీలో ఏం సినిమా వేస్తున్నారు?' అనడానికీ అదే. తెలుగువాడి కోసమే పుట్టిన క్రియ! క్లాసులో నా పక్కన కూర్చునే జర్మన్ కుర్రాడు ఒక్కో వాడుకా బట్టీపడుతుంటే నేను కాళ్లూపుతూ కూర్చునేవాణ్ణి.

చిక్కంతా 'ఎచార్ దె మేనోస్'తో. మూడు మాటలూ కలిస్తేనే మనిషి మీద బెంగ. ఇందులో వేయడమూ లేదు, పడేయడమూ లేదు. పోర్చుగీసులో 'కనుక్కోవడం' అనే అర్థం ఉన్న క్రియ ఒకటి సరిహద్దు దాటి వచ్చి ఎచార్ వేషం కట్టిందని పండితులు చెబుతారు. మెక్సికోలో అయితే 'ఎక్స్‌ట్రన్యార్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మా కంపెనీ నన్ను పంపింది స్పెయిన్‌కి. ఇక్కడ ఆ చివరి రెండు మాటలూ ఊడిపోతే, మనిషిని ఎచార్ చేయడమంటే గెంటేయడమే.

నా వంతు వచ్చింది. గ్లాసెత్తి, "తె బామోస్ ఆ ఎచార్..." అన్నాను.

అన్నాక ఆగాను. మన సభలు చూసి పెరిగినవాణ్ణి కదా, మంచి మాటకు ముందు చప్పట్ల కోసం కాస్త జాగా వదలడం అలవాటు. అన్నప్రాశనకి కూడా మైకు పెట్టే ఊరు మాది. ఆ జాగాలో 'దె మేనోస్' ఎటు పోయిందో పోయింది. చప్పట్లూ రాలేదు. మిగిలిందల్లా 'నిన్ను గెంటేయబోతున్నాం' అనే వాక్యం, దాని వెనకాల నా నవ్వు.

వేరే వారమైతే నవ్వేసి ఊరుకునేవాళ్లు. ఆ వారమంతా ఆఫీసులో ఈఆర్ఈ అని గుసగుసలు. స్పెయిన్‌లో మూకుమ్మడిగా ఉద్యోగాలు తీసేసే పద్ధతిని అలా పిలుస్తారు. ఆవిడ తనంతట తానే వెళ్తోందని మెయిల్ వచ్చింది గానీ నమ్మినవాళ్లు తక్కువ. హెచ్ఆర్ మేడమ్ ఆమ్లెట్ నమలడం ఆపేసింది.

సర్దుకుందామని గట్టిగా అరిచాను: "నో, నో! తె దెస్పెదీమోస్!"

వీడ్కోలు పలుకుతున్నాం అని. మెయిల్ సబ్జెక్టులోనే 'దెస్పెదీదా' అని ఉంది, అంటే వీడ్కోలు. అదే క్రియకు ఉద్యోగంలోంచి తీసేయడం అని ఇంకో అర్థం ఉందని సబ్జెక్టులో రాయరు కదా! దండేసి పంపడానికీ మెడపట్టి గెంటడానికీ ఒకటే మాట పెట్టుకుని, పైగా భాషను కాపాడటానికి 1713 నుంచి ఒక రాయల్ అకాడమీని కూడా పోషిస్తున్నారు. 'శుభ్రం చేస్తుంది, స్థిరపరుస్తుంది, మెరుపు తెస్తుంది' అని దాని నినాదం. బట్టల సబ్బు ప్రకటనలా ఉందని స్పెయిన్ వాళ్లే నవ్వుకుంటారు. ఆ సబ్బేదో ఈ క్రియ మీద రుద్దొచ్చుగా. మనకూ 'ఉద్వాసన' ఉంది, కాదనను. దేవుడికీ అదే, గుమాస్తాకీ అదే. కానీ వినాయకుడి ఉద్వాసనకి హెచ్ఆర్ రాదు.

తర్వాత కేకు కోశారు. టీమ్ లీడ్ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది, పాపం మంచి మనిషి. హెచ్ఆర్ మేడమ్ మాత్రం నన్ను ప్రింటర్ దగ్గరికి పిలిచి, "ఈ సంగతి నీకెవరు చెప్పారు?" అంది. ఏ సంగతి, తల్లీ?

ఇవాళ పొద్దున క్లాసులో టీచర్‌ని నిలదీశాను, ఇంత ప్రమాదం ఉన్న క్రియ గురించి ముందే హెచ్చరించొద్దా అని. ఉప్పూ తాళమూ ఏ2 అనే మెట్టులో చెబుతారట, బెంగ దాని పై మెట్టు బీ1లో వస్తుందట. మా కంపెనీ ఫీజు కట్టింది ఏ2కే. "బీ1 మాట ముందే ఎందుకు వాడావు?" అని నాకే అక్షింతలు.

బీ1 బ్యాచ్ సెప్టెంబరులో మొదలవుతుంది. ఆ లోపు మా ఆఫీసులో ఇంకెవరూ ఉద్యోగం మానకుండా ఉంటే బాగుండు. వచ్చే నెల అకౌంట్స్‌లో ఒకాయన రిటైరవుతున్నాడని ఇప్పుడే మెయిల్ వచ్చింది.