పెట్టెకూ పాఠానికీ నడుమ ఎడం

ఏటా నవంబరు మూడో వారంలో అమెరికాలోని వేలాది చర్చిలలో చెప్పుల పెట్టెలు గుట్టలుగా పోగుపడతాయి. అవి చెప్పుల కోసం వచ్చినవి కావు, ఇతర దేశాల పిల్లలకు పంపే క్రిస్మస్ కానుకలు. ఒక్కొక్క పెట్టెలో ఒక బొమ్మ, రంగు పెన్సిళ్లు, నోటు పుస్తకం, సబ్బు, దువ్వెన వంటివి సర్ది, అది మగపిల్లవాడికో ఆడపిల్లకో, ఏ వయసు వారికో మూత మీద గుర్తు పెడతారు. మిఠాయిలు, టూత్‌పేస్టు, ద్రవాలు, తుపాకి బొమ్మలు పెట్టకూడదని నియమం ఉంది. రవాణా ఖర్చుకు పెట్టెకు 10 డాలర్ల చొప్పున ఇమ్మంటారు. వేల్స్‌లోని రెక్సమ్‌లో ఒక దంపతులు రొమేనియా అనాథ పిల్లల కోసం 1990లో తలపెట్టిన ఈ పనిని 1993లో సమారిటన్స్ పర్స్ అనే అమెరికన్ క్రైస్తవ సహాయ సంస్థ చేపట్టింది. 'ఆపరేషన్ క్రిస్మస్ చైల్డ్' పేరిట అప్పటినుంచి పంచిన పెట్టెలు 20 కోట్లు దాటాయి. పెట్టె అందుకున్న పిల్లలలో చాలామందిని ఆ తరువాత స్థానిక చర్చి 12 పాఠాల బైబిలు తరగతికి పిలుస్తుంది. తరగతి పూర్తిచేసిన వారికి ధ్రువపత్రం కూడా ఇస్తుంది. పెట్టె గురించి ఎవరికీ పేచీ ఉండనక్కరలేదు. పెట్టెకూ పాఠానికీ నడుమ ఎంత ఎడం ఉందన్నదే మా ప్రశ్న.

సమారిటన్స్ పర్స్ వెనుక ఉన్న గ్రాహమ్ కుటుంబం తెలుగువారికి మరీ కొత్తది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలాది ప్రాణాలను పొట్టన పెట్టుకున్న తరువాత, సువార్త సభల కోసం మన దేశానికి వచ్చిన అమెరికన్ సువార్తికుడు బిల్లీ గ్రాహమ్ ఆ ప్రాంతానికి వెళ్లి చూశారు. శవాలు ఇంకా పూర్తిగా తీయని రోజులవి. ఆయన సంస్థ సొమ్ముతో అక్కడ కొందరికి సిమెంటు ఇళ్లు, ఒక చర్చి లేచాయి. ఆ కాలనీకి బిల్లీ గ్రాహమ్ నగర్ అన్న పేరు వచ్చింది. ఆయన 2018లో 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పెట్టిన సువార్త సంస్థనూ, బాబ్ పియర్స్ 1970లో నెలకొల్పిన సమారిటన్స్ పర్స్‌నూ ఇప్పుడు నడుపుతున్నది కుమారుడు ఫ్రాంక్లిన్ గ్రాహమ్. మనవళ్లలో విల్ సువార్తికుడు కాగా, సైన్యం నుంచి వచ్చిన ఎడ్వర్డ్ సమారిటన్స్ పర్స్ నిర్వహణలో ఉన్నారు. ఒక ఇంటిపేరు మీద మూడు తరాలుగా సాగుతున్న పరిచర్య ఇది.

ఈ పరిచర్య చేసిన పనిని తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. 2014లో లైబీరియాలో ఎబోలా విజృంభించినప్పుడు ఈ సంస్థ వైద్యులు మన్రోవియాలో రోగులకు చికిత్స చేశారు. వారిలో ఒకరు స్వయంగా ఆ వ్యాధి సోకి చావు అంచుల దాకా వెళ్లి వచ్చారు. 2020 వసంతంలో న్యూయార్క్ ఆసుపత్రులు కోవిడ్ రోగులతో కిక్కిరిసిపోయినప్పుడు సెంట్రల్ పార్కు గడ్డి మీద 68 పడకల గుడారపు ఆసుపత్రి వేసింది కూడా వీరే. అక్కడికి పనిచేయడానికి వచ్చేవారు సంస్థ విశ్వాస ప్రకటన మీద, వివాహం స్త్రీపురుషుల మధ్యనే అన్న మాటతో సహా, సంతకం పెట్టాలన్నందుకు నగరంలో పెద్ద దుమారమే రేగింది. అయితే సంతకం అడిగింది సేవకులను, రోగులను కాదు. ఈ తేడాను విమర్శకులలో పలువురు గమనించలేదు. మన దగ్గర కూడా సువార్త సంస్థ ఏ పని చేసినా 'ఎర' అన్న ఒక్క మాటతో కొట్టిపారేసేవారు, బియ్యం సంచికి మతం అమ్ముకునేటంత అల్పులుగా పేదలను జమ కట్టేస్తున్నామన్న సంగతి మరచిపోతుంటారు.

కానీ ఎడం చెరిగిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2001లో ఎల్ సాల్వడోర్‌ను భూకంపాలు కుదిపేసినప్పుడు అమెరికా ప్రభుత్వపు సాయంతో ఈ సంస్థ తాత్కాలిక ఇళ్లు కట్టించే పని చేపట్టింది. రేకులు, ప్లాస్టిక్ పట్టాలతో ఇల్లు ఎలా నిలబెట్టుకోవాలో చూపించడానికి ముందు కొన్ని గ్రామాలలో అరగంట ప్రార్థన కూటం జరిగిందని అమెరికన్ పత్రికలు బయటపెట్టాయి. నిబంధనల ఉల్లంఘన లేదంటూనే ప్రభుత్వ సహాయ సంస్థ, ప్రార్థననూ ప్రజాధనంతో చేసే పనినీ వేరుగా ఉంచాలని హెచ్చరించింది. రాని వారికి రేకులు ఇవ్వబోమని ఎవరూ అనకపోవచ్చు. అయినా తల మీద కప్పు లేక రోడ్డున పడ్డ మనిషి, కప్పు వేసే విద్య తెలిసినవాడు ఎదుట నిలబడి 'ముందు ప్రార్థన చేద్దాం' అంటే లేచి వెళ్లిపోగలడా? ఆ అరగంటలో అతని మౌనాన్ని సమ్మతి కింద జమ కట్టడం న్యాయం కాదు.

ఈ చిక్కు ముడిని ఒక అమెరికన్ మిషనరీ మన ఒంగోలులో నూట నలభై ఏళ్లకు పైబడిన కిందటే విప్పి చూపాడన్నది చాలామంది మరచిన సంగతి. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరవులో జనం ఆకులూ దుంపలూ తిని బతుకుతున్న రోజులలో, బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు సర్వేయరుగా పనిచేసిన అనుభవం అక్కడ పనికివచ్చింది. తట్ట ఎత్తిన ప్రతివారికీ కూలి ముట్టింది. మేస్త్రీలుగా నిలబడినవారు మిషను బోధకులే కనుక, నీడన కూర్చున్న వేళ వారు సువార్త చెప్పకుండా ఉన్నారనుకోవడం అమాయకత్వం. కానీ దొర ఒక గట్టి కట్టడి పెట్టుకున్నాడు. కరవు పని నడుస్తున్నంత కాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవారిని పదిహేను నెలల పాటు తిప్పి పంపాడు. బోధ ఆగలేదు గాని, సాయం చేతిలో ఉన్నవాడు విశ్వాసపు లెక్క రాసుకోవడం ఆగింది.

వానలు పడి, సహాయ నిధి అడుగంటి, ఇక ఇచ్చేది ఏమీ లేదని తేలిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో, ఇద్దరేసి బోధకులు వంతుల వారీగా దిగి, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆరు వారాలలో ఆ సంఖ్య ఎనిమిదిన్నర వేలు దాటింది. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావి దగ్గరకు రానివ్వని సమాజంలో, కరవు కాలువ గట్టున తమను అందరితో పాటు లెక్కపెట్టి కూలి ఇచ్చినవారి మాటకు వారు చెవి ఒగ్గారంటే, కడుపు లెక్క కన్నా మర్యాద లెక్క అందులో పెద్దదని మేము నమ్ముతున్నాము. పాత సాయం జ్ఞాపకం వారి మీద పనిచేయలేదని అనలేము. ఏ మనిషికైనా పనిచేస్తుంది. అయినా అన్నం పెట్టే చెయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగడంలో ఒక నిజాయితీ ఉంది. పరిచర్య చేసేవారికి ఈ కొలబద్దను బయటివారెవరూ తెచ్చి ఇవ్వనక్కరలేదు. అది వారి చరిత్రలోనే ఉంది.

ఈ కొలబద్ద పెట్టి చూస్తే చెప్పుల పెట్టె తేలిపోతుంది. కాలువ గట్టున ఉన్నది పెద్దవారు. తమ మేలు కీళ్లు తాము ఎంచుకోగలవారు. పెట్టె అందుకునేది మాత్రం ఆరేళ్ల, తొమ్మిదేళ్ల పిల్లలు. బొమ్మ దొరికిన సంబరం తీరకముందే పాఠానికి పిలుపు వస్తుంది. బొమ్మ ఇచ్చిన అక్కయ్యే పాఠం చెబుతుంది. ఇచ్చినదానికీ చెప్పినదానికీ నడుమ పదిహేను నెలల ఎడం ఉండదు. క్రైస్తవ కుటుంబాలలోని పిల్లలకైతే ఇది సండే స్కూలు కిందికే వస్తుంది, అందులో తప్పు వెదకనక్కరలేదు. అన్య మతాల ఇళ్లలోని పిల్లల విషయంలో తల్లిదండ్రులకు ముందుగా ఏమి చెప్పారన్నదే అసలు సంగతి. పైగా, 2010లో హిందూ దేవతలను, వంద చేతుల ఏనుగు వల్ల తనకు ఒరిగేదేమీ లేదన్న ధోరణిలో ఎగతాళి చేసిన ఫ్రాంక్లిన్ గ్రాహమ్ ఈ సంస్థకు అధిపతి. అటువంటి మాట పెట్టె మీద అచ్చు వేసి ఉండదు, నిజమే. కానీ వినాయకుణ్ని పూజించే ఇంటికి ఆ పెట్టె వచ్చినప్పుడు పంపినవారి మనసు ఏమిటో తెలుసుకునే హక్కు ఆ ఇంటివారికి ఉంది.

మన చట్టం ఈ ఎడాన్ని పట్టుకోగలిగిందా అంటే, సగమే పట్టుకుంది. దివిసీమ ఉప్పెన వచ్చిన ఆ 1977వ సంవత్సరంలోనే, జనవరిలో, సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో, రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచారానికి హక్కు ఇచ్చింది గాని ఇతరులను మతం మార్చే హక్కు ఇవ్వలేదని తీర్పు చెప్పింది. అటు తరువాత ప్రభుత్వాల చూపంతా డబ్బు వచ్చే దారి మీదికి మళ్లింది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ, తెచ్చిన సొమ్మును మరో సంస్థకు బదలాయించడాన్ని నిషేధించి, పరిపాలన ఖర్చును 50 శాతం నుంచి 20 శాతానికి కుదించింది. అంతకు ముందే 2017 మార్చిలో, పిల్లలకు సాయం చేసే అమెరికన్ క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్, సొమ్ము వచ్చే దారి మూసుకుపోయి మన దేశంలో తలుపులు మూసుకోవడంతో దాదాపు 1,45,000 మంది పిల్లలకు అందుతున్న సాయం నిలిచిపోయింది. మతమార్పిడి ఆరోపణ మీద నడిచిన ఆ వ్యవహారంలో ఏ కేంద్రంలో ఏ పిల్లకు ఏ తప్పు జరిగిందో బహిరంగంగా నిరూపించిన దాఖలా లేదు. తప్పు ఉంటే చూపి శిక్షించాలి, లేకపోతే భోజనం ఆపకూడదు. నల్లా కట్టేస్తే మురికి నీళ్లతో పాటు మంచినీళ్లూ ఆగుతాయని ఢిల్లీలోని దస్త్రాలకు తెలియకపోవచ్చు, బడి వదిలాక ఆ కేంద్రానికి పరుగెత్తే పిల్లకు తెలుస్తుంది.

ఇంకొక ఎడం గురించి కూడా చెప్పవలసి ఉంది. కుటుంబ పరిచర్యలలో సంస్థ సంచికీ ఇంటి సంచికీ నడుమ ఉండవలసిన ఎడం అది. ఈ విషయంలో పెద్ద గ్రాహమ్ తొలినాళ్లలోనే మంచి దారి పట్టారు. 1948లో కాలిఫోర్నియాలోని మొడెస్టో పట్టణంలో సహచరులతో కూర్చుని, డబ్బు దగ్గరా స్త్రీల విషయంలోనూ వేలెత్తి చూపించుకోని విధంగా నడుచుకోవాలని ఒక ఒప్పందానికి వచ్చారు. అయినా అప్పటికి సభ ఆఖరి రోజు కానుక సువార్తికుడికే చెందే ఆనవాయితీ పోలేదు. 1950లో అట్లాంటా సభలు ముగిసినప్పుడు ఒక పత్రిక పక్కపక్కనే రెండు ఫోటోలు వేసింది. ఒకదానిలో కానుకల సంచులు మోస్తున్నవారు, రెండవదానిలో నవ్వుతూ ఊరు విడుస్తున్న గ్రాహమ్. ఆ దెబ్బతో ఆయన కానుకలు మాని నిర్ణీత జీతానికి మారారు. (పత్రికలు దైవజనులకు చేసే సేవ ఒక్కోసారి ఈ రూపంలో కూడా ఉంటుంది.) 1977లో, మళ్లీ ఆ సంవత్సరమే, ఆయన సంస్థకు అనుబంధంగా దాదాపు 2 కోట్ల 30 లక్షల డాలర్ల నిధి ఉన్నదని, దాతలలో చాలామందికి దాని ఊసే తెలియదని షార్లెట్ నగరపు పత్రిక రాసింది. రెండేళ్లకు, లెక్కలు బయటపెట్టడాన్ని షరతుగా పెట్టుకున్న సువార్త సంస్థల మండలి ఒకటి ఏర్పడితే దాని స్థాపకులలో ఆయన సంస్థ కూడా ఉంది.

కుమారుడి తరానికి వచ్చేసరికి రెండు సంస్థల నుంచి 2008లో ముట్టిన మొత్తం, పింఛను జమలతో కలిపి, 12 లక్షల డాలర్లని బయటపడింది. విమర్శ రేగాక ఒక సంస్థ జీతం కొంతకాలం వదులుకున్నారు. తరువాత తండ్రి పేరుతో ఉన్న సువార్త సంస్థ చర్చిల సంఘంగా వర్గీకరణ మార్చుకున్నందున, ఎవరైనా తీసి చూడగల వార్షిక లెక్కల పత్రం పన్నుల శాఖకు దాఖలు చేయవలసిన అవసరమే తప్పిపోయింది. అంతా చట్టబద్ధమే. తండ్రి పత్రికల విమర్శకు తలుపు తెరిస్తే కుమారుడి హయాంలో ఆ తలుపు చట్టబద్ధంగా మూసుకుంది.

మన ఊళ్ల సంగతి చూడండి. సువార్త సభలకు కట్టిన ఫ్లెక్సీ మీద నడుమ అయ్యగారు, పక్కన అమ్మగారు, కింద 'యువ దైవజనులు' అన్న బిరుదుతో కుమారుడు, గిటారుతో కోడలు కనిపిస్తారు. ట్రస్టు పత్రంలోనూ సుమారుగా అవే పేర్లు ఉంటాయి. కానుకల పెట్టెలో ఎర్ర మిరపకాయలు కోసే కూలి మనిషి వేసిన పది రూపాయల నోటు ఉంటుంది, గల్ఫ్ నుంచి ఆయా పంపిన నెల జీతంలో దశమభాగం ఉంటుంది. ఆ నోట్ల లెక్క సంఘం ఎదుట చదివే పరిచర్యలు ఉన్నాయి, వాటికి మా నమస్కారం. చదవనివే ఎక్కువ. తరతరాలుగా ఒకే వంశం ఏలే మఠాలకూ ఆశ్రమాలకూ ఇదే మాట వర్తిస్తుంది కనుక, ఇందులో ఒక మతాన్ని వేలెత్తి చూపామని ఎవరూ సంబరపడనక్కరలేదు, నొచ్చుకోనూ అక్కరలేదు.

మేము కోరేది పెద్దది కాదు. తుపాను శిబిరాలలోనూ, ఇల్లు కట్టి ఇచ్చే చోటా సాయం పూర్తయ్యేదాకా ప్రార్థన కూటం పెట్టబోమని ప్రతి సంస్థా ముందే రాసి ఇవ్వాలి. కలెక్టరు ఆ కాగితాన్ని శిబిరం గుమ్మానికి అంటించాలి. ట్రస్టీలలో సగం మందైనా ఆ కుటుంబానికి బయటివారై ఉండాలని ధర్మాదాయ సంస్థల నమోదు నిబంధనలలోనే చేర్చాలి. పిల్లలకు కానుకలు పంచేవారు, ఆ తరువాత పాఠాలు ఉంటాయని, ఎన్ని ఉంటాయని, ఏమి చెబుతారని, రాకపోయినా కానుక వెనక్కు తీసుకోరని తెలుగులో ఒక పేజీ రాసి పెట్టెతో పాటు ఇంటికి పంపాలి. చదవడం రాని ఇంట్లో ఆ పిల్లే దాన్ని చదివి వినిపిస్తుంది, పాఠానికి పంపాలా వద్దా అన్నది ఆ రాత్రి అన్నాల దగ్గర ఆ ఇంటివారే తేల్చుకుంటారు.