టైప్ 1 పిల్లల ఆయుష్షు: తేడా జబ్బులో లేదు, అందే సాయంలో ఉంది

పిల్లకి టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవక, జీవితాంతం ఇన్సులిన్ సూది మీద బతకాల్సిన రకం) అని తేలాక తల్లిదండ్రులు డాక్టర్ని అడగడానికి నోరు రాక, రాత్రి ఫోన్‌లో వెతుక్కునే ప్రశ్న ఒకటుంది: ఎన్నాళ్లు బతుకుతుంది? 2022లో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ పత్రిక వేసిన అంచనా చూడండి. 2021లో పదేళ్ల వయసులో ఈ జబ్బు బయటపడిన బిడ్డ సంపన్న దేశంలో ఉంటే సగటున ఇంకో 65 ఏళ్లు బతుకుతుంది. నిరుపేద దేశంలో అయితే 13 ఏళ్లే. జబ్బూ అదే, మందూ అదే. ఆ 52 ఏళ్లు ఎక్కడ పోతున్నాయన్నదే అసలు ప్రశ్న.

ఫోన్‌లో దొరికే అంకెలతో ఇంకో చిక్కుంది. చాలావరకు అవి పాత రోగుల లెక్కలు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ అధ్యయనంలో 1950-64 మధ్య జబ్బు పడినవారి సగటు ఆయుర్దాయం 53 ఏళ్లు. 1965-80 మధ్య పడినవారిది దాదాపు 69. అంటే ఒక్క తరంలో 15 ఏళ్లు పెరిగింది. చక్కెరను గట్టిగా అదుపులో పెడితే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని పెద్ద పరీక్షలో రుజువైంది 1993లో. ఈనాటి పిల్లల మీద ఆ పాత సగటు రుద్దకూడదు. అసలు 1922లోనే ఇన్సులిన్ మొదలుపెట్టిన అమెరికా అమ్మాయి ఎలిజబెత్ హ్యూస్ 73 ఏళ్లు బతికి 1981లో పోయింది. ఆమె సూది మొదలెట్టిన నాటికి ఇంట్లో రక్తపరీక్ష చేసుకునే మిషనే లేదు.

మరి గోదావరి డెల్టా సంగతి? వరి, కొబ్బరి, రొయ్యల చెరువులు, గల్ఫ్ డబ్బు. అన్నీ ఉన్న నేలే. ఊరూరా షుగర్ మాటే. కానీ ఆ మాట వినగానే మనకి గుర్తొచ్చేది యాభై దాటిన పెద్దాయన. "చిన్నపిల్లకి షుగరేంటండీ, పూతరేకులు తెగ పెట్టేసుంటారు" అనేస్తారు. తీపికీ టైప్ 1కీ సంబంధం లేదు. శరీరంలోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. ఆ నింద మోసేది మాత్రం తల్లి.

నింద సంగతి అలా ఉంచితే, మొదటి గండం జబ్బును గుర్తుపట్టకముందే. పిల్లాడు బక్కచిక్కుతాడు, బిందెలకొద్దీ నీళ్లు తాగుతాడు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలెడతాడు. తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే నీరసమని గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తాడు. ఒంట్లో ఇన్సులిన్ లేక రక్తం ఆమ్లమైపోతున్న పిల్లాడికి, ఇన్సులిన్ ఇవ్వకుండా పైనుంచి ఇంకాస్త చక్కెర! వేలికొన మీద ఒక్క చుక్క రక్తం, చక్కెర చూసే ఒక్క స్ట్రిప్. అది చాలు, కాకినాడో రాజమండ్రో పెద్దాసుపత్రికి పరుగెత్తాలని తెలియడానికి. ప్రభుత్వ షుగర్ స్క్రీనింగ్ ముప్పై దాటినవాళ్ల కోసం. ఆరోగ్య కార్యకర్త చేతిలోని మిషన్ వాంతులతో పడున్న ఎనిమిదేళ్ల పిల్లాడి దాకా రావాలంటే ఎవరో ఒకరు అలా రాసిన ఆదేశం ఇవ్వాలి.

రెండో గండం, ఇన్సులిన్ ఆపేయడం. "సూది అలవాటైపోతుంది", "ఆకు పసరుతో తగ్గుతుంది" అనే సలహా ప్రతి వీధిలోనూ దొరుకుతుంది. ఎక్కువగా పెద్దలకు వచ్చే టైప్ 2 షుగర్ ఉన్నాయన మాత్ర మానేస్తే నెలలు గడవచ్చు. టైప్ 1 బిడ్డ సూది మానేస్తే కొద్ది రోజులే. పెళ్లి సంబంధాలకు దాచిపెట్టి, అత్తారింట్లో చాటుగా వేసుకోవాల్సిన ఆడపిల్లకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇక వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలకు పడవే దారి. ఇన్సులిన్ ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. వాడుతున్న సీసా అయితే గది చల్లగా ఉంటే దాదాపు నెల ఆగుతుంది. కరెంటు లేనప్పుడు మట్టికుండలో పెట్టమంటారు, మంచి సలహాయే. కానీ కుండ చల్లబడేది నీరు ఆవిరైతేనే. ఉక్కపోతతో గాలే తడిగా ఉండే కోనసీమలో కుండ మీద మరీ భరోసా పెట్టుకోలేం.

డబ్బు లెక్క ఇంకా విచిత్రం. కిడ్నీలు పోయాక డయాలసిస్‌కి ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) ఉంది, పింఛను ఉంది. వాటిని కాపాడే స్ట్రిప్‌లకు మాత్రం చాలా ఇళ్లలో సొంత జేబే తడుముకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా, సికిల్‌సెల్ చేరాయి, టైప్ 1 చేరలేదు. దాన్ని వైకల్యం అనాలా వద్దా అన్నది వేరే చర్చ. స్ట్రిప్‌లు ఉచితంగా ఇవ్వడానికి ఆ చర్చ తేలేదాకా ఆగక్కర్లేదు.

వరద వస్తుందనగానే లంకల్లో గర్భిణుల పేర్లు రాసి ముందే ఆసుపత్రికి తరలిస్తున్నారు. అదే కాగితం మీద టైప్ 1 పిల్లల పేర్లూ రాయొచ్చు. వాళ్లను తరలించకపోయినా ఫర్వాలేదు. నెలకు సరిపడా ఇన్సులిన్, స్ట్రిప్‌లు నీరు రాకముందే ఇంటికి చేర్చాలి. ఒక్కో పీహెచ్‌సీ పరిధిలో ఆ పేర్లు చాంతాడంత ఉండవు.