నిద్ర పట్టకపోతే పిత్తాశయాన్ని సస్పెండ్ చేయండి

పదింటికి పడుకుని, పన్నెండున్నరకు కూడా ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకుంటున్న మనిషికి (మూడే, ఎన్నిసార్లు లెక్కపెట్టినా) ఈ లోకంలో గౌరవం లేదు. నిద్ర పట్టడం లేదండీ అని వెళ్తే డాక్టరుగారు రెండు నిమిషాలు చూసి "టెన్షన్ తీసుకోకండి" అంటారు. టెన్షనేదో నేను కిరాణా కొట్లో అడిగి మరీ తీసుకుంటున్నట్టు! ఇంట్లో చెబితే "ఆ ఫోన్ అవతల పెట్టు" అంటారు. ఎటు తిరిగినా తప్పు నాదే. అందుకే బాగా ఆలోచించి, నేను సంప్రదాయ చైనా వైద్యం పక్షాన చేరిపోయాను. అక్కడ తప్పు నాది కాదు. పిత్తాశయానిది.

ఇది నేను కల్పించింది కాదు. చైనా వైద్యానికి మూలగ్రంథం 'హువాంగ్‌డి నైజింగ్' రెండు వేల ఏళ్ల నాటిది. అందులో ఒకచోట ఒంటినంతా సచివాలయంలా పరిచి చూపించారు. గుండె రాజు. ఊపిరితిత్తులు మంత్రి. కాలేయం సేనాధిపతి, వ్యూహాలన్నీ ఆయన శాఖ. పొట్టా ప్లీహమూ ధాన్యాగారం, అంటే మన సివిల్ సప్లైస్. పెద్దపేగుది రవాణా. పిత్తాశయం నిష్పక్షపాతంగా తీర్పులు చెప్పే అధికారి, ఏ నిర్ణయమైనా ఆయన టేబుల్ మీద నుంచే కదలాలి. ఇన్ని శాఖలున్న ఒంట్లో ఒక ఫైలు, అంటే నిద్ర, వేళకు కదలలేదంటే మీకు ఆశ్చర్యంగా ఉందా? నాకు లేదు.

రాజుగారి కోటలో షెన్ అనే చైతన్యం కాపురం ఉంటుంది. మనసు, తెలివి, ఎరుక అన్నీ అదే. రాత్రయ్యేసరికి అది కోటకు చేరి పడుకోవాలి. రక్తం, చల్లదనం తక్కువైతే కోటలో దానికి పరుపుండదు, అటూ ఇటూ పచార్లు చేస్తుంది. కాలేయంలో హున్ అనే ఇంకో ఆత్మ ఉంది. అది రాత్రి ఇల్లు పట్టకుండా ఊరి మీద పడి తిరిగితే అవే కలలు. ఆలోచన ప్లీహం పని, భయం మూత్రపిండాల పని. ఇంటి లోన్ వాయిదా గురించి రాత్రంతా ఆలోచించేది నేనేనని ఇన్నాళ్లూ నన్ను నేను తిట్టుకున్నాను. ప్లీహాన్ని తిట్టాల్సింది. కింద మూత్రపిండాల నీరు పైకి రావాలి, పైన గుండె నిప్పు కిందికి దిగాలి. రెండూ కలవకపోతే 'గుండెకూ మూత్రపిండాలకూ మాటల్లేవు' అని రోగానికి పేరు పెడతారు. శాఖల మధ్య సమన్వయం లేదు అన్న మాట మనకు కొత్త కాదు కాబట్టి ఇది తెలుగువాడికి చప్పున అర్థమవుతుంది.

డ్యూటీ చార్టు కూడా ఉంది. రోజును రెండేసి గంటల చొప్పున పన్నెండు భాగాలు చేసి ఒక్కో అవయవానికి ఒక్కో షిఫ్ట్ వేశారు. రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా పిత్తాశయం, ఒంటిగంట నుంచి మూడు దాకా కాలేయం, తర్వాత అయిదు దాకా ఊపిరితిత్తులు. దీని ప్రకారం నా కేసులో ముద్దాయి ఎవరో చెప్పడానికి వేరే విచారణ కమిషన్ అక్కర్లేదు.

పైగా ఆ అధికారి పిరికివాడు. మనం ధైర్యాన్ని గుండెలో పెట్టుకున్నాం. అందుకే మనకు గుండె జారుతుంది, అవసరమైతే గుండె రాయి చేసుకుంటాం. చైనావాళ్లు దాన్ని పిత్తాశయంలో పెట్టుకున్నారు. వాళ్ల భాషలో పిరికివాడంటే చిన్న పిత్తాశయం ఉన్నవాడు, తెగువ ఉన్నవాడిది పెద్ద పిత్తాశయం. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి, ఏ నిర్ణయమూ తేల్చుకోలేక తెల్లార్లూ దొర్లేవాడికి 'పిత్తాశయాన్ని వెచ్చబెట్టే కషాయం' అని పేరు పెట్టి మరీ ఒక మందు కాస్తారు. మా బావగారు రాళ్లొచ్చాయని పిత్తాశయం మొత్తం తీయించేసుకున్నారు. ఆయన మధ్యాహ్నం భోంచేసి, నట్టింట్లో, టీవీ మోగుతుండగా గురకపెడతారు. పోస్టే రద్దయ్యాక ఫైలు ఎక్కడ ఆగుతుంది?

వైద్యుడు రోగిని చూసే తీరు నాకు అన్నిటికంటే నచ్చింది. ఒక్కో మణికట్టు మీద మూడేసి వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని నాడి వింటాడు. బిగించిన తీగలా ఉంటే కాలేయం గుర్రుగా ఉన్నట్టు. తర్వాత నాలుక బయటపెట్టమంటాడు. కొస ఎర్రగా ఉంటే గుండెలో నిప్పు, అంచుల మీద పళ్ల గాట్లుంటే ప్లీహం నీరసం. నాలుక లోపల పెట్టుకో అనేవాళ్ల మధ్యే యాభై ఏళ్లు బతికినవాణ్ణి నేను. ఈమధ్య చైనా నగరాల్లో ఈ వైద్యులు రాత్రి సంతల్లో బల్లలేసుకుని కూర్చుంటున్నారు. నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికి యువత అక్కడ పొద్దుపోయేదాకా మేలుకుని లైన్లో నిలబడుతోంది.

మందుల్లో మొదటి పేరు సువాన్ జావో రెన్. కంగారు పడకండి, అది అడవి రేగు గింజలోని పప్పు. భోగినాడు పిల్లల నెత్తిన పోసి, మిగిలినవి తిని గింజ ఉమ్మేస్తామే, ఆ చుట్టమే. చైనావాళ్లు ఉమ్మలేదు. మూడో శతాబ్దం తొలినాళ్ల ఝాంగ్ ఝోంగ్‌జింగ్ అనే వైద్యుడు దానికి అతిమధురం వగైరా నాలుగు దినుసులు చేర్చి కషాయం రాసిపెడితే ఇప్పటికీ అదే కాస్తున్నారు. పదహారో శతాబ్దంలో లీ షిజెన్ అనే వైద్యుడు ఇంకో రహస్యం చెప్పాడు: వేయించిన గింజ నిద్ర పట్టనివాడికి, పచ్చి గింజ నిద్ర ఎక్కువైనవాడికి. అంటే మన జాతకమంతా మూకుడు కింది మంట మీద ఉంది.

ఇక షెన్ గాలికి ఎగిరే కాగితం లాంటిది కాబట్టి దాని మీద బరువు పెట్టాలని మరో సిద్ధాంతం. ఆ బరువుల్లో ఒకటి డ్రాగన్ ఎముకలు. డ్రాగన్లు దొరకవు కనుక నేలలో దొరికిన పాత ఎముకలు నూరారు. 1899లో బీజింగ్‌లో వాంగ్ ఇరోంగ్ అనే పండితుడు తనకొచ్చిన మందులోని ఎముక ముక్క మీద గీతలు చూసి అవి అక్షరాలని గుర్తుపట్టాడంటారు. చైనా లిపిలో దొరికినంతలో అతి పాత రాత అది. మూడు వేల ఏళ్ల కిందటి షాంగ్ రాజులు సోది అడిగి ఎముకల మీద చెక్కించిన ప్రశ్నలు. ఏమడిగారు? పంట, యుద్ధం, పంటి నొప్పి. ఇంకా, రాజుగారికి కల వచ్చింది, కీడేమైనా ఉందా అని. ఒక రాజు రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేచి తన టెన్షన్ ఎముక మీద రాయిస్తే, మూడు వేల ఏళ్ల తర్వాత ఆ టెన్షన్‌నే పొడి చేసి ఇంకొకడి టెన్షన్ తగ్గడానికి తాగించారన్నమాట. ఎంతమంది రాజుల పీడకలలు ఎంతమంది కడుపుల్లో అరిగిపోయాయో! 1935లో హాంకాంగ్ మందుల కొట్లో ఇదే సరుకులో ఒక మహాకాయ వానరం పన్ను దొరికితే సైన్సు వాళ్లు దానికి కొత్త పేరు పెట్టారు. ఇంత చరిత్ర పడుకోబెట్టలేని మనిషిని ఇంకేం పడుకోబెడుతుంది?

ఇంకో బరువు ఇంగిలీకం, అంటే పాదరసం కలిసిన ఎర్ర రాయి. దాని గురించి ఎక్కువ చెప్పను, మూత్రపిండాలు వింటే వాటికి భయం, భయం వాటి శాఖే. 'బంగారమిచ్చినా మార్చుకోం' అనే అర్థం వచ్చే జిన్ బు హువాన్ అనే చైనా నిద్రమాత్రలు అమెరికాలో 1990ల్లో పిల్లల్ని ఆస్పత్రి పాలు చేసి, పెద్దల కాలేయాలు చెడగొట్టాయి. లేబుల్ మీద ఒక మొక్క పేరు, లోపల వేరే సరుకు. ఒంటికి సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్‌తో నిద్ర పడుతుందా అని, వైద్య పరీక్షల్ని బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు 2012లో పరీక్షలన్నీ తిరగేసి, నమ్మడానికి రుజువు చాలదన్నారు. రుజువులు అడగడం హాయిగా నిద్ర పట్టేవాళ్ల దురలవాటు. చైనా వైద్యం గొప్ప ఖజానా అని 1958లో చాటిన మావో కూడా నిద్ర పట్టని మనిషే. ఆయన ఖజానాను జనానికి వదిలేసి, తాను మాత్రం పాశ్చాత్య నిద్రమాత్రలు మింగేవాడు. త్యాగం అంటే అదీ.

నన్ను పూర్తిగా లోబరచుకుంది మాత్రం నైజింగ్ రెండో భాగంలోని కషాయం. దినుసులు రెండే: ఒక చిరుధాన్యం, కంద-చేమ కుటుంబానికి చెందిన బాన్ షియా దుంప. విధానం వినండి. వెయ్యి లీల (లీ అంటే చైనావాళ్ల దూరపు కొలత) అవతలి నుంచి పారి వచ్చిన నీళ్లు తేవాలి. వాటిని పదివేల సార్లు ఎత్తి పోయాలి. తేరిన నీళ్లు తీసి, రెల్లు మంట మీద కాచి, సన్న సెగన మరగనివ్వాలి. కొత్తగా వచ్చిన జబ్బయితే తాగి గిన్నె బోర్లించేలోపే నిద్ర ముంచుకొస్తుందట. పదివేల సార్లు నీళ్లెత్తి పోసినవాడికి నిద్ర రాకపోతే అది వైద్యం తప్పు కాదని నా అభిప్రాయం.

దుంప పచ్చిది విషం, గొంతు మండిపోతుంది. కనుక దాన్ని వదిలేశాను. రెల్లు అపార్ట్‌మెంట్‌లో కుదరదు. నీళ్లు మాత్రం సరిగ్గా కుదిరాయి. వెయ్యి లీలంటే సుమారు నాలుగొందల కిలోమీటర్లు. హైదరాబాద్‌లో మా కుళాయిలో వచ్చేది కృష్ణ. మహాబలేశ్వరం దగ్గర పుట్టి, రెండు రాష్ట్రాలు దాటి, నాగార్జునసాగర్ చేరి, అక్కడి నుంచి పైపుల్లో వస్తుంది. నైజింగ్ అడిగినదానికంటే ఎక్కువే పారింది.

మొన్న రాత్రి పిత్తాశయం షిఫ్టులోనే లేచి, వంటింట్లో స్టీలు బిందె దించి, చెంబుతో ఎత్తి పోయడం మొదలుపెట్టాను. మూడొందల నలభైకి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమండీ, ఏం పనిది?"

"పదివేల సార్లు పోయాలి. మూడొందల నలభై అయ్యాయి."

ఆవిడ బిందె వైపు చూసింది, నేల మీద మడుగు చూసింది. "రేపు నీళ్లొచ్చే రోజు కాదు" అని చెప్పి వెళ్లి పడుకుంది. రెండు నిమిషాల్లో గురక వినబడింది.

నేను లెక్క మరిచిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.