గెలుపుల లెక్కలో కనిపించనిది

అమెరికా కళాశాలల ఫుట్‌బాల్‌లో (సాకర్ కాదు, బంతిని చేతబట్టి ఆడే అమెరికన్ ఆట) 400 విజయాల గీత దాటిన తొలి కోచ్ ఎడ్డీ రాబిన్సన్. గెలిచినవి 408, ఓడినవి 165, సమమైనవి 15. ఆ లెక్కను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే అంతటి గురువు 1941 నుంచి 1997 దాకా లూసియానాలోని గ్రాంబ్లింగ్‌లోనే ఎందుకు ఉండిపోయారన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

తండ్రి పాలుకు సేద్యం చేసేవాడు, తల్లి ఇళ్లలో పనిచేసేది. డిగ్రీ చేతికొచ్చాక కూడా రాబిన్సన్ దాణా మిల్లులో గంటకు 25 సెంట్ల కూలికి కుదరవలసి వచ్చింది. నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన గ్రాంబ్లింగ్ కళాశాలలో 22 ఏళ్ల వయసులో చేరిన ఆయన మైదానంలో గడ్డి కోశారు, గీతలు గీశారు, ఆటగాళ్ల చీలమండలకు పట్టీలు చుట్టారు, ఆట ముగిశాక పత్రికలకు వార్తలూ తానే రాసి పంపారు. (పత్రిక నడిపేవాళ్లం కనుక ఈ చివరి పని మమ్మల్ని కాస్త గుచ్చుతుంది.) దక్షిణాదిలో దారి పక్క హోటళ్లు నల్లవారికి తిండి పెట్టని రోజుల్లో, ఊరు దాటి ఆడబోయే కుర్రాళ్ల కోసం శాండ్‌విచ్‌లు కట్టుకుని బయల్దేరేవారు. పొద్దున్నే గంట వాయిస్తూ హాస్టల్ వసారాల్లో తిరిగి, వాళ్లను లేపి తరగతులకు తోలేవారు.

1942లో ఆయన జట్టు ప్రత్యర్థులకు ఒక్క పాయింటూ ఇవ్వకుండా ఆడిన తొమ్మిదీ గెలిచింది. 1949లో ఆయన శిష్యుడు ట్యాంక్ యంగర్ నల్లవారి కళాశాలల నుంచి అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగుపెట్టిన తొలి ఆటగాడయ్యాడు. తర్వాత ఆ బాటన నడిచిన గ్రాంబ్లింగ్ కుర్రాళ్లు 200 మందికి పైనే.

మా అభ్యంతరం ఇక్కడే. ఆయన దిద్దిన ఆటగాళ్లను దశాబ్దాల తరబడి అందుకున్న లీగ్, ఆధునిక కాలంలో ఒక నల్లజాతీయుణ్ణి ప్రధాన కోచ్ కుర్చీలో తొలిసారి కూర్చోబెట్టింది 1989లో. ఆ అవకాశం ఆర్ట్ షెల్‌కు దక్కేనాటికి రాబిన్సన్‌కు 70 ఏళ్లు. గ్రాంబ్లింగ్ అంటే ఆయనకు ప్రాణమన్నది నిజమే. ఆ మమకారాన్ని అడ్డుపెట్టుకుని తలుపు తెరవనివాళ్ల తప్పును మాఫీ చేయడం మాత్రం సరికాదు.

నల్లవాడు క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే జట్టు దాడిని నడిపించే ఆటగాడిగా, పనికిరాడన్న మాట ఆ లీగ్‌లో పాతుకుపోయి ఉండేది. 1988 జనవరిలో గ్రాంబ్లింగ్ కుర్రాడు డగ్ విలియమ్స్ అదే స్థానంలో ఆడి వాషింగ్టన్ జట్టుకు 42-10తో ఆ లీగ్ తుదిపోరు సూపర్ బౌల్ గెలిచిపెట్టాడు. చివరి మూడు సీజన్లూ ఓటములే ఎక్కువై రాబిన్సన్ తప్పుకున్నాక, 1998లో గ్రాంబ్లింగ్ జట్టు పగ్గాలు అందుకున్నదీ ఆ విలియమ్సే.